చెట్టు జీను

పలమనేరు బైపాసు పక్కన
లారీ సీట్లు కుట్టే అంగడి నాది.
రెక్సీను, స్పాంజి, పద్దెనిమిదో నంబరు సూది.
ఎవురో ఒకరు కూచునేదానికే
నా చేతులు పుట్టినాయి.

ఒక మద్యాన్నం చెంగల్రాయులు వచ్చి
నా బల్ల మీది దుమ్ములో వేలితో గీసినాడు:
ఒక మాను. మానుకు ఎదురుగా ఒక మనిషి.
మనిషి పిర్రల కింద నెలవంక మాదిరి ఒక గీత.
"ఇది కావాల."
"ఇదేంది, ఉయ్యాలా?"
"జీను. గుర్రానికి కాదు, చెట్టుకు."

అడివంచు చేను. చెనిక్కాయ ఊడలు దిగే కాలం.
పోయినేడు మంచె వేస్తే
ఏనుగొచ్చి నాలుగు గుంజల్నీ
చెరుకు గడల మాదిరి పక్కన పెట్టి పోయిందంట,
పైనున్న మనిషిని లెక్కలోకే తీసుకోకుండా.
ఆ అవమానం ఇంకా వాని మీసాల్లో ఉండాది.

బెల్టులు పాతినుము అంగట్లో దొరికినాయి,
మొగిలి ఘాట్లో బోర్లా పడిన కారువి.
ముందు సీటుది లాగి చూసినా.
మడత విప్పని కోక మాదిరి కొత్తగుండాది.
ఒక్క దినమైనా పెట్టుకోలేదు ఆయప్ప.
నేనేమీ అనలేదు. కత్తిరించినా.

రెండు పట్టీలు నడుముకు, ఒకటి తొడల కిందికి,
నడుమ గోనెపట్ట, దాని మీద టార్పాలిన్.
అతుకు అతుకుకూ పెట్టె కుట్టు,
పెట్టె లోపల ఇంటూ గుర్తు,
దాని మీద మళ్ళీ ఒకటి.
లారీ సీటు చినిగితే డ్రైవరు తిడతాడు.
ఇది చినిగితే తిట్టేదానికి మనిషుండడు.

పరీక్ష నేనే చేసినా.
అంగడి ఎనక వేపకు తాడు చుట్టి,
కాళ్ళు మానుకు తన్ని, ఎనక్కి వాలినా.
మొదట భయం.
తరవాత నా నడుము,
నలబై ఏండ్లు మిషను తొక్కిన నడుము,
"అబ్బా" అనింది.
కండ్లు మూసుకున్నా.

అంతలో టీ అంగడి పాపమ్మక్క
చెంబు పారేసి బైపాసంతా వినేటట్టు అరిచింది:
"సీట్ల గుర్రప్ప ఉరేసుకున్నాడ్రోయ్!"
పదిమంది వచ్చి నా కాళ్ళు పట్టి పైకెత్తినారు.
"దించొద్దండ్రా, బాగుండాది" అంటే
ఒక్కడూ నమ్మలేదు.
అప్పులిచ్చినోళ్ళే అందరికన్నా ముందొచ్చినారు.

పున్నమి పోయిన నాలుగో రేయి
చేను గట్టు మీది నేరేడు ఎక్కినాం.
నేను కొమ్మ పంగలో, వాడు జీనులో,
చెట్టుకు మొగం పెట్టి,
అలిగిన పెండ్లాన్ని బతిమాలేవాని మాదిరి.
బెరడు మీది చీమలు వాని చొక్కా మీదికి,
చొక్కా మీదివి బెరడు మీదికి.
మాటల్లేవు. బీడీ లేదు.

నడిజాముకు కింద పటపటమని నమిలే చప్పుడు.
లైసెన్సు తుపాకి మెల్లగా ఎత్తినాడు.
జీను అంతకన్నా మెల్లగా
వాన్ని మాను చుట్టూ తిప్పి చాటుకు తీసకపోయింది.
పేలింది.
నేరేడు కొమ్మొకటి నా పక్కనే రాలింది.
పందులు ఒక గుక్క ఆగి
మళ్ళీ తినబట్నాయి.
"తప్పు నాది," అన్నా చీకట్లో.
"పక్కతాడు మరిచిపోయినా."
"కూచునేదానికి మాత్రం సుకంగా ఉండాదప్పా," అన్నాడు వాడు.

పక్కతాడు వేసిచ్చిన వారానికే
పంచాయితీ ఎలక్షన్లు.
తుపాకి స్టేషన్లో పెట్టి రసీదు తెచ్చుకున్నాడు.
అయినా ఎక్కుతానే ఉన్నాడంట
రేకు పళ్ళెం, గరిటె సంకలో పెట్టుకొని.

నిన్న మళ్ళీ వచ్చినాడు. ఎనకాలే కన్నెమ్మ.
"ఇంకోటి కుట్టు. తెల్లారగట్ల జాము ఆమె కూచుంటాదంట."
టేపు నా చేతిలోనించి తనే లాక్కోని
నడుము కొలుచుకొని నంబరు చెప్పింది.
"వదులు పెట్టన్నా,
చలికి ఈయప్ప కోటు ఏసుకోవాల."
"ఇద్దరికీ వేరే మాను చూసుకోండి," అన్నా.
"ఏం, నేరేడుకు అవతల పక్క లేదా?" అనింది.

అడ్వాన్సు కింద నూరు రూపాయలు,
ఒక సంచి చెనిక్కాయ, సగం పందులు మిగిల్చినవి.

దుమ్ములో మళ్ళీ గీసుకున్నా.
ఆ కారు ఎనక సీటు బెల్టులు
ఇంకా రెండూ అట్నే ఉండాయి.